ఒక్క గోలూ కొట్టని కట్టె దొర

మంజీర నీళ్లు దోసిట్లో పట్టుకొని, తూర్పుకు తిరిగి ప్రమాణం చేస్తున్నాను. ఈ కింద రాసిన ప్రతి మాటా నిజం. నన్ను ఎరిగిన బాన్సువాడ వాళ్లు ఇక్కడే నవ్వడం మొదలుపెడతారని తెలుసు. ఒక పులి నా సైకిల్ వెనక కూర్చొని వర్ని దాకా వచ్చిందని చెప్పింది నేనే, కాదనను. ఆ పులి సంగతి వేరు, ఇది కట్టె దొర సంగతి.

పోయిన నెల బెల్లం కోసం పెద్ద కొడప్‌గల్ వైపు పోయాను. చెరుకు తోట పక్కన పొయ్యి మీద రసం ఉడుకుతోంది. అడుగంటకుండా కలుపుతున్న మనిషి చేతిలోని తెడ్డు చూసి అక్కడే నిలబడిపోయాను. రెండు మూరల పొడుగు, కొసన అరచెయ్యి కంటే కొంచెం వెడల్పు, ఒక పక్కకు ఒంపు.

“గీ తెడ్డు యాడిది తమ్మీ?” అన్నాను.

“మా నాయిన తెచ్చిండే. ఇంగ్లీషోళ్ల గరిటెనట. బెల్లానికి మస్తు పనికొస్తది.”

ఆ మాట మా దొర వింటే ఆ పెనంలోనే దూకేవాడు. గరిటె అన్నందుకు కాదు, ఇంగ్లీషోళ్లది అన్నందుకు.

ఆయన పేరు రాయను. రాసినా మీరు పలకలేరు. పన్నెండేళ్లు ఆయన దగ్గర మున్షీగా ఉండి నేనే ఒక్కసారీ సరిగా పలకలేదు. ఇంగ్లీషోళ్లంటే పడని ఐర్లండు అనే దేశం నుంచి నిజాంసాగర్ డ్యాముకు ఇనుప తలుపులు బిగించడానికి వచ్చిన వాళ్లలో ఒకడు. పని అయిపోగానే మిగతా వాళ్లు ఓడ ఎక్కారు. ఈయన కాలువ ఓవర్సీరుగా బాన్సువాడలో మిగిలిపోయాడు. ఎందుకు మిగిలావని అడిగితే “ఆడ వాన. ఈడ నీళ్లు” అనేవాడు. దాని అర్థం ఈనాటికీ నాకు తెలియదు.

మనిషి తుమ్మ మొద్దులా ఉండేవాడు. చెడ్డీ కింద మోకాళ్లు పండు మిరపకాయల్లా ఎర్రగా కనబడేవి. తెల్లవాళ్లంతా తాగుతారన్న లెక్కతో మావాళ్లు మొదటి వారమే కల్లు కుండ పట్టుకొని పోతే, ఆ కుండను తీసుకెళ్లి బర్రె ముందు పెట్టాడు. ఆ బర్రె తర్వాత ఏం చేసిందో చెప్పినా మీరు నమ్మరు కాబట్టి చెప్పను.

తెలుగు ఆయనకు మట్టి తట్టలు మోసే ఆడకూలీలు నేర్పారు. అందుకని ఆయన తెలుగులో మగవాడనేవాడే లేడు. ఒకసారి తాలూక్‌దారు గారు కాలువ తనిఖీకి వచ్చారు. చుట్టూ జవాన్లు, తల మీద తురాయి. మా దొర ఎదురు పోయి “ఏం వదినె, పిల్లలు మంచిగున్నరా?” అన్నాడు.

తాలూక్‌దారు గారు నా వైపు తిరిగారు. “హుజూర్, వాళ్ల దేశంల శానా పెద్దోళ్లను గట్ల పిలుస్తరు” అన్నాను. ఆయన సంతోషించి, పోయేటప్పుడు మా దొరను కూడా “అచ్ఛా వదినె” అని పలకరించి పోయారు.

ఈ పని నేను చేసినందుకు దొర నాతో రెండు రోజులు మాట్లాడలేదు. అబద్ధమంటే ఆయనకు తేలు కుట్టినట్టు ఉండేది. నాలాంటి మున్షీ దొరకడం ఆయన ఖర్మ.

వాళ్ల ఊళ్లో ఒక ఆట ఉందట. బిళ్లంగోడు అంటారే, మన ఆ చిర్రగోనెకూ కొట్లాటకూ పుట్టిన బిడ్డ లాంటిది. పక్కకు పదిహేను మంది, ప్రతివాడి చేతిలో కొస ఒంపు తిరిగిన కట్టె. తోలు బంతిని నేల మీద, గాలిలో, ఎక్కడ దొరికితే అక్కడ కొట్టాలి. నేల మీది బంతిని చేత్తో ఎత్తకూడదు, కట్టెతోనే లేపాలి. మనుషులను కొట్టకూడదు అని నియమం ఉంది కాని, దాన్ని మా వాళ్లకు చెప్పేటప్పుడు ఆయన ముఖం ఆయనే నమ్మనట్టు ఉండేది.

రోజూ సాయంత్రం కాలువ బంగళా గోడకు ఎదురుగా నిలబడి బంతిని కొట్టేవాడు. కొట్టేముందు రెండు అరచేతుల్లో ఉమ్మి, కట్టెను నేలకు మూడుసార్లు తాటించేవాడు. బంతి గోడకు తగిలి వెనక్కి వచ్చేది, సున్నం మాత్రం గోడ కిందే రాలేది. ప్రతి ఏడూ గోడ మరమ్మతుకు కాగితం రాయాల్సింది నేను. కారణం దగ్గర ‘వర్షాలు’ అని రాస్తే, ఆయన కొట్టేసి ‘నేను’ అని రాసేవాడు.

“సాబ్, వాన అంటే సర్కార్ పైసలిస్తది. నువ్వు అంటే నీ జీతంల కోస్తది.”

“వాన పడలె. నేను కొట్టిన,” అనేవాడు. జీతంలో కోసుకున్నారు కూడా.

ఆయన వాళ్ల జిల్లా తరఫున ఏడేళ్లు ఆడాడు. ఈ సంగతి నాకు తెలియగానే నేను ఊరంతా తిప్పాను. కొట్టిన గోల్స్ మూడు వందలని, ఒక బంతి సముద్రం దాటి పోయిందని, దాన్ని వెతుక్కుంటూనే ఈ దేశం వచ్చాడని చెప్పాను. జనం బంగళా ముందు గుంపు కట్టారు. ఆయన మెట్ల మీద నిలబడి, “ఝూట్. మున్షీ మాట ఝూట్. గోల్ సున్న,” అన్నాడు.

“ఒక్కటి గూడ కొట్టలేదా సాబ్?” అని గుంపులోంచి ఒకాయన అడిగాడు.

“ఒక్కటి గూడ లేదు. నా పని కొట్టుడు కాదు, ఆపుడు.”

“జీతం మంచిగ ఇచ్చిండ్రా?”

“జీతం లేదు.”

“జీతం లేదు, గోల్ లేదు. ఏడేండ్లు ఏం చేయనీకి పోయినవు మరి?”

“మా ఊరు కద,” అన్నాడు దొర. జనం నిరాశగా ఇళ్లకు పోయారు.

తన ఆట గురించి చెప్పమంటే వేరేవాళ్లయితే పతకాలు తీస్తారు. ఈయన ఒళ్లు చూపించేవాడు. వంకర తిరిగిన చిటికెన వేలు ఒక గోల్ ఆపింది, కనుబొమ్మ మీది కుట్లు మరొకటి. ముక్కు రెండు ఆపింది, రెండు పక్కల నుంచి. ఎడమ వైపు లేని పన్ను దగ్గరికి వచ్చేసరికి మాత్రం తల దించుకునేవాడు. “గిది ఆపలె. పన్ను పోయింది, గోల్ గూడ పోయింది.”

ఇంటి నుంచి తెచ్చుకున్న కట్టె రెండో ఏడు చీలిపోయింది. ఆయన్ను నాగళ్లు చెక్కే వడ్లాయన దగ్గరికి తీసుకుపోయాను. ఇద్దరూ ఒక నల్లతుమ్మ మొదలు చుట్టూ బోర్లా పడుకొని వేరు మొదలయ్యే చోట ఒంపును చూడసాగారు. “నాగలికైనా గంతే. ఒంపు చెట్టే ఇయ్యాలె, మనం చెక్కితే విరుగుతది,” అన్నాడు వడ్లాయన. అదే సమయంలో దొర ఇంగ్లీషులో ఏదో గొణిగాడు. నేను తర్జుమా చేసి చూస్తే అక్షరం పొల్లు పోకుండా అదే మాట. ఒకరి మాట ఒకరికి చెబితే ఇద్దరూ నేను మళ్లీ అబద్ధమాడుతున్నానని నా మీదే కోప్పడ్డారు.

తుమ్మ కట్టె బరువు. అయినా ఆట పాకింది. దానికి కారణం దొర గొప్పతనం కాదు, నీళ్ల వంతు. పిల్లకాలువ మీద వంతు కోసం కూర్చున్న రైతుకు బీడీ తాగడం తప్ప పని ఉండదు. అలాంటి ముప్ఫై మంది చేతికి కట్టెలిచ్చి ఒక బంతి వదిలితే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. కొన్నాళ్లకు కాలువ మొదట్లోని ఊరికి ఒక జట్టు, కొసన ఉన్న ఊరికి ఒక జట్టు తయారయ్యాయి. ఊళ్ల పేర్లు చెప్పను, నీళ్లు ముందు అందేది మీది ఊరు, ఆఖరున అందేది కొస ఊరు అనుకుందాం. మా అక్కను ఇచ్చింది కొస ఊళ్లోనే.

రెండు నిలువు గుంజలకు నడుమ ఒక అడ్డకట్టె. బంతి అడ్డకట్టె మీది నుంచి పోతే ఒకటి, కింది నుంచి పోతే అది గోల్, మూడు. ఈ లెక్క మావాళ్లకు కొరుకుడు పడలేదు.

“మీదికెళ్లి కొట్టుడు కష్టం గద సాబ్. కష్టమైందానికి తక్కువేంది?”

“కింద మనిషి నిలవడ్తడు. ఆపుతడు.”

“గట్లనా. మా కచేరీల గూడ గంతే. బల్ల కిందికెళ్లి ఇచ్చినోనికే ఎక్కువ.”

ఆయనకు తెలియని నియమం ఒకటి మా దగ్గర ఉంది. మీది ఊరి పటేల్ ఎదురైతే చేతిలో కట్టె ఉండకూడదు. ఎవడైనా సరే కట్టె నేల మీద పెట్టి, తల రుమాలు తీసి, వంగి నిలబడాలి. పెట్టనివాణ్ని పటేల్ వాకిట్లో గుంజకు కట్టేవారు. పటేల్ బండి కాలువ గట్టు మీద పోయినప్పుడల్లా ఆట ఆగిపోయేది. మొదట్లో దొర ఇదేదో చాయ్ తాగే వేళ అనుకున్నాడు. తెలిశాక ‘పటేల్ వస్తే ఆట ఆగదు’ అని బంగళా గోడ మీద బొగ్గుతో రాయించాడు. ఆ గోడ ముందే మావాళ్లు కట్టెలు కింద పెట్టి వంగేవాళ్లు.

అందరికంటే ముందు వంగేది మా బావ. అంత మెత్తని మనిషిని నేను చూడలేదు. పటేల్ ఇంటి కుక్క ఎదురైనా చెప్పులు విడిచేవాడు. ఆటలో కూడా అంతే, బంతిని కొట్టి “ఏమనుకోకు అన్నా” అని ఎదుటివాడికి చెప్పేవాడు.

ఇగ అసలు సంగతికి వస్తాను. ఒక ఏడు వానలు ముఖం చాటేశాయి. డ్యాములో నీళ్లు అడుగంటాయి, కాలువకు ఇంకా ఎనిమిది రోజులే వదులుతామన్నారు. పొలాలన్నీ పొట్ట మీద ఉన్నాయి. వంతు ప్రకారం ఆ ఎనిమిది రోజులు కొస ఊరివి. కాని మీది ఊరి వాళ్లు పిల్లకాలువకు అడ్డంగా మట్టికట్ట వేసి నీళ్లన్నీ మళ్లించుకుంటున్నారు. కట్ట తీయడానికి పోయిన మా కాలువ కావలి లష్కర్‌ను కాలువలో ముంచి పంపించారు. మా బావకు ఉన్నవి మూడెకరాలు. అవి ఎండితే ఆ ఏడు అక్క ఇంట్లో పొయ్యి వెలగదు.

దొర కాగితం రాద్దామన్నాడు. “హైదరాబాద్ నుంచి జవాబు రెండు నెలలకొస్తది సాబ్,” అన్నాను.

అప్పుడు పటేలే బంగళాకు వచ్చాడు. కుర్చీలో కూర్చొని మీసం దువ్వుకుంటూ, “పైకి కాగితాలొద్దు. మీ కట్టెలాట పెట్టుండ్రి. గెలిచినోళ్లకు ఎనిమిది దినాల నీళ్లు. నేను మాట ఇస్తున్న,” అన్నాడు. ఆయన జట్టులో తాలీం మనుషులు పదిమంది ఉన్నారు. రోజూ పొద్దున కుస్తీ పట్టి పాలు తాగే ఒళ్లు.

ఏ బుద్ధి ఉన్న ఓవర్సీరూ ఒప్పుకోడు. మా దొర ఒప్పుకున్నాడు. పటేల్ లేస్తూ ఒక షరతు పెట్టాడు. “సీటీ ఊదెటోడివి నువ్వు. నువ్వు కట్టె ముట్టొద్దు. ముడితే గా గోల్ చెల్లదు.”

“చెల్లదు,” అన్నాడు దొర. ఆయన అన్నాడంటే అన్నట్టే.

కోసిన జొన్నచేనులో ఆట పెట్టారు. మొదటి గడియలోనే ఇద్దరికి తలలు పగిలాయి, ఒక తాలీం పహిల్వాన్ బంతి అనుకొని రాతిని కొట్టి చెయ్యి బెణికించుకున్నాడు. నేను గుంజ పక్కన నిలబడి బొగ్గుతో లెక్క వేస్తున్నాను. మీది ఊరి వాళ్లకు బలం ఉంది. కొస ఊరి వాళ్లకు పొలం ఉంది. చివరికి వచ్చేసరికి లెక్క సమానమయింది. పొద్దు గుంకితే ఆట ముగిసినట్టే, అది ఇంకా ఒక మూర ఎత్తునే ఉంది. బంతి మీది ఊరి గుంజల ముందు, నాలుగడుగుల్లో పడింది.

సరిగ్గా అప్పుడు పటేల్ బండి గట్టు దిగి నేరుగా చేనులోకి వచ్చింది. ఎడ్లు రేపిన దుమ్ము గుంజల దాకా కమ్మింది. అది అనుకోకుండా వచ్చిన రాక కాదని నా నమ్మకం. కొస ఊరి వాళ్ల పదిహేను కట్టెలూ టపటపా నేల మీద పడ్డాయి. పటేల్ లెక్క వేసుకోనిది ఒక్కటే. ఆయన సొంత మనుషుల పదిహేను కట్టెలూ కూడా పడ్డాయి. గోల్ కాచే పహిల్వాన్ అయితే అందరికంటే ముందు వంగాడు. ముప్ఫై మంది నడుములు వంచి నిలబడి ఉంటే, బంతి ఒక్కటే పని ఉన్నదానిలా మెల్లగా దొర్లుతోంది.

ఠప్‌మని ఒక దెబ్బ వినిపించింది. బంతి అడ్డకట్టె కింది నుంచి దూసుకుపోయింది.

పటేల్ బండి మీద లేచి నిలబడ్డాడు. “ఎవడ్రా అది? నేను వచ్చినంక కట్టె లేపినోడు ఎవడు?”

దుమ్ము తగ్గింది. గుంజల ముందు మా దొర నిలబడి ఉన్నాడు, చేతిలో కట్టె.

“నేను,” అన్నాడు.

పటేల్‌కు ముందు కోపం వచ్చింది. తెల్లవాణ్ని గుంజకు కట్టడం ఎలాగో తెలియక ఆగాడు. తర్వాత ఏదో గుర్తొచ్చి పకపకా నవ్వాడు. “సీటీ సాబ్ కొడితే చెల్లదు గద.”

“చెల్లదు. సమానం. ఆట అయిపోయింది, నీళ్లు చెరి నాలుగు దినాలు,” అన్నాడు దొర. ఆ రాత నాతో అక్కడికక్కడే రాయించి, పటేల్ వేలిముద్ర వేయించాడు.

కొస ఊరికి నాలుగు రోజుల నీళ్లు వచ్చాయి. బావ మూడెకరాల్లో ఎకరన్నర పండింది. మిగతాది ఎండిపోతే పశువులను తోలారు. ఊరు ఊరంతా దొరను తిట్టింది. ఆయన చెయ్యి కాస్త ఆగి ఉంటే సీటీ ఊదాక మళ్లీ ఆడి గెలిచేవాళ్లమని కొందరు, పటేల్ దగ్గర ఏదో తిన్నాడని కొందరు. నేనూ నా వంతు తిట్టాను. ఏడేళ్లలో ఒక్క గోల్ కొట్టని మనిషి ఆ ఒక్కటి కొట్టకుండా ఉండలేకపోయాడంటే ఎవరికైనా ఒళ్లు మండుతుంది.

ఆయన ఒకనాడు మా అక్క పొలానికి వచ్చాడు. ఎండిన మడి దగ్గర టోపీ చేతిలో పట్టుకొని నిలబడి, “వదినె, తప్పు నాది,” అన్నాడు.

“నీదే,” అని అక్క పొలం గుడిసెలోకి పోయింది. ఎవరొచ్చినా చెంబుతో నీళ్లిచ్చే మనిషి, ఆయనకు ఇవ్వలేదు. బావ గడ్డి మోపు సర్దుతూ తల ఎత్తలేదు.

కాలువ నీళ్లను ఆట మీద పందెం కాశాడని పైవాళ్లకు తెలిసింది. సంజాయిషీ అడిగితే, నేను రాసిచ్చిన నాలుగు చక్కని కారణాలు పక్కన పెట్టి, ‘అవును’ అని ఒక్క మాట రాశాడు. ఉద్యోగం పోయింది. పెట్టె ఒకటి, బూట్లు ఒక జత, బోధన్ వైపు పోయే బండి. కట్టెలన్నీ ఆటగాళ్లకే వదిలిపోయాడు. ఆ తర్వాత ఎక్కడున్నాడో, ఉన్నాడో లేడో తెలియదు.

ఇప్పుడు ఒప్పుకోవలసింది ఒకటి ఉంది. పైన రాసినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం. ఆ దెబ్బ దొర కొట్టలేదు. మా బావ కొట్టాడు.

నేను గుంజ పక్కన, బావకు పది అడుగుల్లో ఉన్నాను. ముప్ఫై కట్టెలు పడ్డాయని రాశాను, పడ్డవి ఇరవై తొమ్మిది. బంతి పోయాక, దుమ్ము ఇంకా తగ్గకముందే, దొర మూడంగల్లో వచ్చి బావ చేతిలోంచి కట్టె లాక్కున్నాడు. రెండో చేత్తో బావ మెడ పట్టి అందరితో సమానంగా కిందికి వంచాడు. ఆ తర్వాత “నేను” అన్నాడు. గోడ సున్నానికి కూడా అబద్ధమాడని మనిషి నోట అంత నున్నగా అబద్ధం ఎలా వచ్చిందో నాకు అర్థం కాలేదు. బావ కొట్టాడని చెబితే గోల్ చెల్లేది, ఎనిమిది రోజుల నీళ్లూ కొస ఊరివే. బావ మాత్రం సాయంత్రానికి పటేల్ వాకిట్లో గుంజకు ఉండేవాడు. ఆ గుంజ నుంచి ఇంటికి నడిచి వచ్చినవాళ్లు తక్కువ.

కాబట్టి ఆ ముక్క నా కల్పన కూడా కాదు, ఆయనది. నేను సాక్ష్యం చెప్పాను. “హౌ పటేలా, సాబే కొట్టిండు, నా కండ్లార చూసిన,” అన్నాను. నా మాట ఏదీ నమ్మని జనం అది ఒక్కటి వెంటనే నమ్మారు.

ఇప్పుడు పటేల్ లేడు, ఆ గుంజా లేదు. పోయిన వారం బావే “ఇగ రాయి” అన్నాడు. అక్కకు ఎందుకు చెప్పలేదంటే, ఇన్నేళ్లుగా ధైర్యం చాలలేదట. అచ్చయ్యాక అక్క ఎవరితోనైనా చదివించుకొని వింటుంది, ఆ వేళకు తాను పొలంలో ఉంటానన్నాడు.

ఆట నాటి సాయంత్రం ఇద్దరం కాలువ గట్టు మీద నడిచి వచ్చాం. బావ కాళ్లు కడుక్కోవడానికి నీళ్లలోకి దిగాడు. తప్పించుకునే దారి నేనే చూపిద్దామని, “దుమ్ముకు పటేల్ కనవడలేదు గద బావా,” అన్నాను.

బావ మడమలు రుద్దుకున్నాడు.

“కనవడ్డడు,” అన్నాడు. “కనవడ్డడనే కొట్టిన.”